గురువు లేని గిటారు

(ఉద్యోగుల తెలుగు సాంస్కృతిక సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



శ్రుతి తల్లి, లయ తండ్రి అని సంగీతజ్ఞులైన పెద్దలు చెప్పియున్నారు. ఆ రెండింటి పిదప మూడవ స్థానము గురువునది. తల్లిదండ్రులుండియు గురువు దొరకని బిడ్డవంటివాడు స్వయముగా వాద్యము నేర్చుకొనువాడు. అండమాను నికోబారు దీవులలో ఉద్యోగము చేయు తెలుగు కుటుంబములలో ఇట్టి బిడ్డలు తక్కువ కారు. వారిలో గిటారు చేతబట్టినవారికి తరచుగా ఎదురగు ఒక చిక్కును గూర్చియు, దానినుండి బయటపడు మార్గమును గూర్చియు తెలుపుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశ్యము.

విషయము తేటపడుటకై ఒక ఉద్యోగిని ఊహించుకొనుడు. అతడు విశాఖపట్టణమునుండి పోర్టు బ్లెయిరుకు బదిలీయై వచ్చినాడు. 2024వ సంవత్సరము సెప్టెంబరునుండి ఆ నగరమునకు శ్రీ విజయపురమను పేరు కలిగినది. పిల్లల చదువు నిమిత్తము కుటుంబము విశాఖలోనే ఆగినది. ఇచ్చటి గడియారము ప్రధాన భూభాగపుది. సూర్యుడు మాత్రము దీవులవాడు. డిసెంబరు మాసమున సాయంకాలము ఐదు గంటలకే చీకటి పడును. కార్యాలయమునుండి వచ్చి కాఫీ త్రాగునప్పటికి రాత్రి ఎదుట నిలుచును. ఆ పొడవైన సాయంకాలమును నింపుకొనుటకై అతడు సెలవులో వెళ్లినప్పుడు ఒక గిటారు కొని, ఓడలో మూడు దినములు ఒడిలో పెట్టుకొన్నట్లు తెచ్చుకొన్నాడు.

మొదటి ఆరు మాసములు పండుగవలె గడచినవి. వ్రేళ్ల కొనలు కాయలు కాచినవి. జి, సి, డి, ఇ మైనరు అను నాలుగు కార్డులు పట్టుబడినవి. ఆ నాలుగింటితో రెండు సినిమా పాటలకు తోడు వాయించుట వచ్చినది. ఉగాది కార్యక్రమమున అందరును చప్పట్లు కొట్టిరి. మరుసటి ఉగాదికి అవే రెండు పాటలు. ఆపై ఉగాదికిని అవే. రోజూ అరగంట వాయించుచునే యున్నాడు, కాని చేయి ముందుకు సాగుట లేదు. పాటలో తడబడు చోటు మూడేండ్ల క్రిందట ఎక్కడనో నేటికిని అక్కడనే. క్రమముగా అతనికి ఒక అనుమానము కలిగినది: “ఈ విద్య నాకు అబ్బదు కాబోలు.” గిటారు గోడకు ఆనినది, గోడనుండి బీరువా మీదికి ఎక్కినది. సముద్రపు గాలికి తీగలు తుప్పుపట్టినవి. బదిలీ వచ్చిననాడు ఆ వాద్యము ప్రక్కింటి పిల్లవానికి ఆటవస్తువగును.

ఇట్టి కథ ప్రతి కార్యాలయమునందును ఒకటి రెండు దొరకును. గిటారు మూలబడుటతోపాటు, తనకు ఇక ఏ క్రొత్త విద్యయు రాదను నిర్ణయము ఒక మనుష్యుని మనస్సులో స్థిరపడుట ఇందులోని అసలు నష్టము. ఆ నిర్ణయము సరియైనదేనా యని విచారింపవలసి యున్నది.

సాధనలో ఈ నిలుకడను మొదట శాస్త్రీయముగా గుర్తించిన వారు సంగీతజ్ఞులు కారు. తంతి తపాలా శాఖతో సంబంధమున్న ఈ సభలోని పెద్దలకు ఇది సంతోషము కలిగింపవచ్చును. అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయమునకు చెందిన విలియం లోవ్ బ్రయాన్, నోబుల్ హార్టర్ అను ఇరువురు 1897వ సంవత్సరమున తంతి పనివారు మోర్సు సంకేతములను నేర్చుకొను తీరును పరిశీలించి ప్రకటించిరి. వార్త పంపుటలో నేర్పు మొదట వేగముగాను, తరువాత మెల్లగాను పెరుగుచు పోయినది. వార్త విని గ్రహించుటలో మాత్రము వారు విచిత్రమొకటి చూచిరి. కొంతకాలము పెరిగిన నేర్పు ఒక చోట ఆగిపోయి, వారముల తరబడి కదలక, ఆపైన మరల హఠాత్తుగా పైకి లేచినది. కొండ ఎక్కువానికి నడుమ ఎదురగు చదునైన పీఠభూమివంటిది ఆ దశ.

కారణమును వారు ఇట్లు వివరించిరి. నేర్చుకొనువాడు మొదట ఒక్కొక్క అక్షరమును వినును. పిదప అక్షరములు కలిసి పదమై చెవికి తాకును. ఆపైన పదములు కలిసి వాక్యఖండమై వినబడును. అక్షరములపై ధ్యాస తొలగనంతవరకు పదము చిక్కదు. తరువాతి కాలమున ఈ వాదమును శంకించినవారు లేకపోలేదు. 1958లో ఫ్రెడ్ కెల్లర్ అను మనస్తత్వవేత్త, మోర్సు నేర్చుటలో ఇట్టి నిలుకడ తప్పనిసరి కాదని వాదించెను. ఈ రెండు మాటలను కలిపి చూచినచో సాధకునికి ధైర్యమే కలుగును. నిలుకడ వచ్చుట వింత కాదు. వచ్చినది విధివ్రాతయు కాదు. అభ్యాసపు తీరు మారినచో అది తొలగవచ్చును.

గిటారు విషయమున ఈ అక్షరములు, పదములు ఏవి? ఏ వ్రేలు ఏ తీగపై ఏ మెట్టున నుండవలెనో తెలియుట అక్షరము. మూడు నాలుగు వ్రేళ్లు ఒక్కమారుగా దిగి ఒక కార్డుగా నిలుచుట పదము. ఒక కార్డునుండి మరియొక కార్డునకు లయ తప్పక సాగుట వాక్యము. మన ఉద్యోగి పదముల వద్ద ఆగినాడు. ఒక్కొక్క కార్డును బాగుగానే పట్టగలడు; రెండింటి నడుమ ప్రయాణమే అతనికి రాదు. సి నుండి ఎఫ్‌కు మారవలసిన చోట పాట కుంటుపడును. ఎఫ్ కార్డునకు చూపుడు వ్రేలు మొదటి మెట్టున ఆరు తీగలను అడ్డముగా నొక్కవలెను. గురువు లేని సాధకులలో పలువురు ఆగిపోవు గడప ఇదియే.

అచ్చట ఆగినవాడు ఏమి చేయును? పాటను మొదటినుండి ఎత్తుకొని, వచ్చిన భాగమును హాయిగా వాయించి, ఆ చిక్కు చోట తడబడి, విసుగుతో దాటి, చివరి వరకు పోవును. ఇట్లు రోజుకు పదిమారులు. “పాడగా పాడగా రాగము” అను సామెతను నమ్మినవాడతడు. సామెత తప్పు కాదు. అయితే తప్పును పాడగా పాడగా తప్పే గట్టిపడును. వచ్చిన భాగమునకు పదిమారులు అభ్యాసము జరిగినది. రాని భాగమునకు పది తడబాటులు అలవాటైనవి.

కార్యాలయములలో టైపు చేయువారి అనుభవమును ఇచ్చట స్మరింపదగును. ఉద్యోగమునకు చాలినంత వేగము వచ్చిన పిమ్మట, ఇరువది యేండ్లు ప్రతిదినము టైపు చేసినను వేగము పెరుగదు. పని జరుగుచున్నది కదా యని చేయి ఆ మేరకే స్థిరపడును. అట్టివారు రోజుకు కొద్ది నిమిషములు మాత్రము, తమ అలవాటుకంటె కొంచెము వేగముగా పూర్ణ సావధానముతో యత్నించినచో, ఏ అక్షరముల జంట వద్ద వ్రేలు తడబడుచున్నదో బయటపడును. ఆ జంటను విడిగా అభ్యసించిన వేగము మరల పెరుగును. ఆండర్స్ ఎరిక్సన్ అను పండితుడు తన సహచరులతో కలిసి 1993లో బెర్లిను నగరపు సంగీత విద్యాలయమునందలి వయొలిను విద్యార్థులను గూర్చి ప్రకటించిన పరిశోధనయు ఈ త్రోవనే చూపినది. వట్టి వాయించుట వేరు, లోపమును గురిపెట్టి సవరించుకొను సాధన వేరు. రెండవది శ్రమతో కూడినది. ఎక్కువ సేపు సాగింపరానిది. ఫలితము మాత్రము దానిదే.

ఇక గురువు మాట. గిటారు నేర్పు గురువు లేడు గనుక ముందుకు పోలేమను వారికి తెలుగుదేశమునుండియే ఒక సమాధానమున్నది. పాలకొల్లున 1969వ సంవత్సరము ఫిబ్రవరి 28న జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ చరిత్ర అది. తండ్రి సత్యనారాయణ వద్దనున్న మాండొలిను వాద్యమును అతడు ఐదారేండ్ల ప్రాయముననే చేపట్టెను. తండ్రియే తొలి పాఠములు చెప్పెను. తండ్రికి గురువైన రుద్రరాజు సుబ్బరాజు, చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు, ఆ బాలుని ప్రతిభను గుర్తించి కర్ణాటక సంగీతము నేర్ప పూనుకొనిరి. అయితే సుబ్బరాజుగారికి మాండొలిను వాయించుట రాదు. గురువు నోట పాడెడివారు. శిష్యుడు ఆ స్వరము ఏ తీగపై, ఏ మెట్టున, ఏ విధమున పలుకునో తానే వెదకుకొనెడివాడు. అప్పటికి ఆ వాద్యముపై కర్ణాటక సంగీతమునకు నిలుకడైన బాణి లేదు, పాఠ్యగ్రంథము లేదు, చూచి అనుకరించుటకు చేయి లేదు.

అతనికిని పెద్ద గోడ ఒకటి అడ్డుపడినది. మామూలు మాండొలినునకు ఎనిమిది తీగలు, నాలుగు జంటలుగా నుండును. మీటిన నాదము త్వరగా ఆరిపోవును. గమకమునకు తీగను లాగవలెను. జంట తీగలను సమముగా లాగి పలికించుట కష్టము. కంఠమున పలుకు ఊగు చెక్కపై పలుకదు. ఆ గోడకు అతడు వెదకిన దారి వాద్యమునందే మార్పు. జంటలను విడిచి ఒంటి తీగలను, తుదకు ఐదు తీగలను అమర్చుకొని, విద్యుత్ మాండొలినును చేపట్టెను. నాదము నిలిచినది; గమకమునకు చోటు దొరికినది. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవమున తొమ్మిదేండ్ల బాలుడుగా కచేరి చేసెను. 1998లో పద్మశ్రీ లభించినది. 2014 సెప్టెంబరు 19న నలుబదియైదేండ్లకే ఆ నాదము ఆగిపోవుట సంగీతలోకమునకు తీరని లోటు.

శ్రీనివాస్ అసామాన్య ప్రతిభాశాలి. అందరికిని ఆ ఎత్తు అందదు. అయినను అతడు నడచిన త్రోవలో సామాన్యునికి పనికివచ్చు అడుగు ఒకటి కలదు: గురువు అదే వాద్యపువాడు కానవసరము లేదు. ఈ దీవులలోని క్వార్టర్లలోనే చిన్ననాట గీతములు, వర్ణముల వరకు నేర్చి, వివాహానంతరము విడిచిన అక్కయ్యగారు ఎందరో కలరు. వారికి గిటారు పట్టుట తెలియకపోవచ్చును. శ్రుతి తప్పినప్పుడు చెవి తెలుపును, తాళము జారినప్పుడు చేయి తెలుపును. వారిచేత వారమునకొకమారు నాలుగు స్వరపంక్తులు పాడించుకొని, వాటిని తీగపై వెదకుకొన్న ఉద్యోగికి సగము గురువు దొరికినట్లే. విడిచిన విద్య ఆ తల్లికిని మరల చిగురించును.

పూర్వుల పాఠక్రమమునందే ఈ నిలుకడకు ఔషధమున్నది. పదునారవ శతాబ్దమున పురందరదాసు ఏర్పరచెనని పెద్దలు చెప్పు సరళీ వరుసలు, జంట వరుసలు, అలంకారములు గిటారుపైనను చక్కగా సాగును. మాయామాళవగౌళను ఒకే తీగపై వాయించుట తేలిక. తెరచిన తీగను షడ్జమముగా గొన్నచో, తక్కిన స్వరములు వరుసగా ఒకటి, నాలుగు, ఐదు, ఏడు, ఎనిమిది, పదునొకండు, పండ్రెండు మెట్లపై నుండును. మొదట ఒకే తీగపై పాడుచు వాయింపవలెను. పిదప కన్నులు మూసి వాయింపవలెను. ఆపైన రెండు తీగలపై పంచవలెను. గురువు లేనివాడు సాధారణముగా కంటితో వాయించును, వ్రేలు ఉన్న చోటును చూచి తృప్తిపడును. కన్నులు మూసిన క్షణమున చెవి మేలుకొనును. జంట వరుసలలో రెండవ స్వరమునకు ఊనిక ఇచ్చుట వ్రేలికి బలము నిచ్చును. మూడు కాలములలో వాయించుట మరియొక పరీక్ష: మొదటి కాలమున దాగిన తడబాటు రెండవ కాలమున బయటపడును. అప్పుడు మూడవ కాలమునకు పరుగిడక, మొదటి కాలమునకు దిగివచ్చుటయే వివేకము.

ఎఫ్ కార్డు గడపను దాటుటకును ఉపాయములున్నవి. మొదట క్రింది నాలుగు తీగలను మాత్రమే పట్టుచు చిన్న ఎఫ్ వాయింపవచ్చును. అడ్డపట్టును మొదటి మెట్టున గాక ఐదవ మెట్టు వద్ద ప్రారంభించినచో తీగ సులభముగా లొంగును. అచ్చటినుండి వారమునకొక మెట్టు చొప్పున క్రిందికి దిగవచ్చును. బొటనవ్రేలితో మెడను పిసుకుటకంటె, మోచేతి బరువును కొంత ఉపయోగించుట మేలు. సి నుండి ఎఫ్‌కు మారుటను మాత్రమే తీసికొని, ఒక నిమిషములో శుభ్రముగా ఎన్నిమారులు మారగలుగుచున్నాడో లెక్కించి, తేదీతో సహా పుస్తకమున వ్రాసికొనవలెను. దినమంతయు ఫైళ్లపై నోట్లు వ్రాయువారికి ఇది అలవాటైన పనియే! నిన్న తొమ్మిది, నేడు పది యని కాగితము చెప్పినప్పుడు “అబ్బదు” అను మాటకు బలము తగ్గును. నెలకొకమారు ఒకే పాటను సెల్‌ఫోనులో రికార్డు చేసి దాచుట రెండవ సాక్ష్యము. వాయించునప్పుడు వినబడని తప్పులు అందులో వినబడును. ఆరు నెలల పిదప కనబడని అభివృద్ధియు వినబడును.

అరగంట కాలమున్నవానికి ఈ పంపకము చాలును: ఐదు నిమిషములు శ్రుతి చేయుటకు, సరళీ వరుసలకు, పది నిమిషములు చిక్కుచోటునకు, మెట్రోనోము దెబ్బతో, తడబాటు లేనంత మెల్లగా, పది నిమిషములు చెవితో ఒక క్రొత్త పల్లవిని వెదకుటకు, తుది ఐదు నిమిషములు తనకిష్టమైన పాటను హాయిగా వాయించుటకు. ఈ కడపటి భాగమును త్యజింపరాదు. శ్రమ మాత్రమే మిగిలిన సాధన ఎక్కువ నాళ్లు నిలువదు.

కొన్నిచోట్ల దోషము సాధకునిది కాక వాద్యముదై యుండును. ఈ దీవులలో మే నుండి డిసెంబరు వరకు రెండు ఋతుపవనములు కురియును. ఏడాదికి దాదాపు 3000 మిల్లీమీటర్ల వాన. ఈ తేమకు గిటారు చెక్క ఉబ్బి, తీగలు మెట్లకు దూరమగును. పండ్రెండవ మెట్టు వద్ద తీగ ఎత్తు రెండు మూడు మిల్లీమీటర్లను బాగుగా మించినచో ఎంతటి వ్రేలైనను నొచ్చును. తన చేతిని నిందించుకొనుటకు ముందు ఆ ఎత్తును కొలిచి చూడవలెను. వాయించిన వెంటనే పొడిగుడ్డతో తీగలను తుడిచి, పెట్టెలో తేమ పీల్చు సిలికా జెల్ పొట్లములతో దాచవలెను. తుప్పు తీగపై శ్రుతి నిలువదు. ప్రధాన భూభాగమునకు సెలవుపై పోయివచ్చువారు ఒక జత తీగలు అదనముగా తెచ్చుకొనుట మంచిది.

మరియొక వింతను చెప్పవలసియున్నది. పూర్వము ఈ దీవులలో పాఠములు దొరకకపోవుట కష్టము. 2020 ఆగస్టు 10న చెన్నైనుండి దీవులకు సముద్రగర్భమున సుమారు 2300 కిలోమీటర్ల తంతి మార్గము ప్రారంభమైన పిదప, ఇంటర్నెట్టున పాఠములు వెల్లువగా వచ్చుచున్నవి. సోమవారమొక గురువు, మంగళవారమొక గురువు! ప్రతి సాయంకాలము ఒక క్రొత్త పాఠమును చూచి, ఏదియు పూర్తిచేయక నిదురించువానికి పూర్వపు పేదరికముకంటె ఈ సంపదయే ఎక్కువ అడ్డు. ఒక నెలకు ఒక పాట, ఒక పాఠము అను నియమము వానికి మేలు చేయును.

అవయవలోపము కలిగినవారును గోడలు దాటిరి. జాంగో రైన్‌హార్ట్ అను జిప్సీ గిటారు విద్వాంసుడు 1928లో తన నివాసపు బండికి నిప్పంటుకొని, ఎడమచేతి ఉంగరపు వ్రేలును చిటికెన వ్రేలును దాదాపు పనికిరానివిగా పోగొట్టుకొనెను. పాత పద్ధతి మూసికొనిపోయినది. అతడు మిగిలిన రెండు వ్రేళ్లకు తగిన క్రొత్త పద్ధతిని కల్పించుకొని, 1934లో పారిసున ఏర్పడిన వాద్యబృందముతో ప్రపంచ ప్రసిద్ధుడయ్యెను. శ్రీనివాస్ వాద్యమును మార్చెను; జాంగో చేతిని మార్చెను. పాత రీతినే పదేపదే చేయుచు క్రొత్త ఫలమును కోరినవాడు ఇరువురిలో ఒక్కడును కాడు.

కట్టకడపట, ఒంటరితనమును గూర్చి ఒక మాట. నికోబారు సోదరుల గ్రామములలో గిటారు ఒకరి సొత్తు కాదు. ప్రార్థనాలయమునందును, పండుగలందును పదిమంది పాడుచుండగా అది మ్రోగును. పాట నలుగురితో సాగునప్పుడు తడబడినవాడు ఆగి మొదటికి పోలేడు. లయను పట్టుకొని సాగవలసినదే. గదిలో ఏండ్ల తరబడి సాధించినను రాని లయ ఇట్టి కూటమిలో కొలది నాళ్లలో వచ్చును. తెలుగువారికిని ఇది అసాధ్యము కాదు. నెలకొక ఆదివారము ఇద్దరు గిటారువారు, ఒక తబలావాడు, పాడు అక్కయ్యగారు ఒకరు కూడినచో చాలును. వేదిక వలదు, ప్రేక్షకులు వలదు, తప్పులకు నవ్వువారుండినను బాధ లేదు.

ఊహించుకొన్న ఆ ఉద్యోగి వద్దకు మరల పోవుదము. అతడు బీరువా మీది గిటారును దించినాడు. తుప్పు తీగలను తీసి క్రొత్తవి కట్టినాడు. ఒక చిన్న పుస్తకమున తేదీ వ్రాసి, ప్రక్కన “సి - ఎఫ్: నాలుగు” అని వ్రాసినాడు. వచ్చే ఉగాదికి అతడు మూడవ పాట వాయించునో లేదో చెప్పలేము. విశాఖలోని బిడ్డ ఫోనులో “నాన్నా, క్రొత్త పాట వాయించు” అని అడిగిననాడు, ఎఫ్ వద్ద కొంచెము తడబడినను, ఆగక చివరి వరకు వాయింపగలిగిన చాలును. ఈ సంఘపు క్వార్టర్లలో బీరువాల మీద నిదురించుచున్న గిటార్లన్నియు ఈ వారములోనే క్రిందికి దిగునుగాక యని కోరుచు ఈ ప్రసంగము ఇంతటితో ముగియుచున్నది.

శుభమస్తు.